నాలుగు లివర్ల ట్రాక్టరు

సూర్యాపేటలో ఖమ్మం రోడ్డు మీద నా షెడ్డు. 'ఇచ్చట అన్ని రకముల ట్రాక్టర్లు బాగుచేయబడును' అని బోర్డు రాయించాను. పదిహేనేళ్లలో ఆ మాట తప్పింది లేదు. బాగుకాని బండ్లు కొన్ని ఉన్నాయి, కాదనను. కానీ ఆ తప్పు ఎప్పుడూ బండిదో, బండి గలవాడిదో, నాకన్నా ముందు దాని మీద చెయ్యి పెట్టినవాడిదో అయి ఉంటుంది. ఈ మూడో రకం తప్పు గురించి మెకానిక్కులకు తెలిసినంత లోకంలో ఇంకెవరికీ తెలియదు. ఏ బండి వచ్చినా, దానికేం రోగమో వినకముందే మేం అడిగే మొదటి మాట ఒకటే: "ఎవడు జేసిండు దీన్ని?"

నా పేరు వీరేశం. షెడ్డు వెనకే ఇల్లు. మధ్యాహ్నం ఒంటిగంటకు చేతుల జిడ్డు కిరసనాయిలుతో వదిలించుకుని పీట మీద కూర్చుంటే నా భార్య ఊర్మిళ వడ్డిస్తుంది. "ఇంకింత?" అంటుంది. "వెయ్" అంటాను. పెళ్లయిన కొత్తలో ఇంకేమైనా మాట్లాడుకున్నామేమో గానీ నాకు జ్ఞాపకం లేదు. నాతోపాటు షెడ్డు పనివాళ్లిద్దరు తింటారు. ఆ వేళకు ఏ ఊరి రైతు షెడ్డులో ఉన్నా "అన్నం తిని పోరాదు" అని కూర్చోబెడతాను. వీరేశం దగ్గరికి పోతే బండి బాగైనా కాకున్నా కడుపు మాత్రం నిండుతుందని చుట్టుపక్కల నాకు పేరు. చెయ్యి పెద్దదంటారు నాది.

ఆ ఏడు ఊర్మిళకు కళ్లు తిరుగుతున్నాయంటే దవాఖానకు తీసుకుపోయాను. రక్తం తక్కువగా ఉందని డాక్టరు టానిక్ రాశాడు. నాకు ఒళ్లు మండింది. "మా ఇంట్ల ఏం తక్కువ సారూ? పొద్దుగాల నిండ గంజెడు బియ్యం వండుతది" అన్నాను. డాక్టరు నన్ను ఎగాదిగా చూసి, చిన్న సీసా కొట్టేసి పెద్ద సీసా రాశాడు.

అది తొంభై రెండు. శివరాత్రి పోయిన వారానికి పెన్‌పహాడ్ పక్క తండా నుంచి భద్రు వచ్చాడు. వాడి ట్రాక్టరు చిన్న రకం. పెద్ద ట్రాక్టర్ల మధ్య నిలబడితే, తల్లి వెంట సంతకు వచ్చినట్టుంటుంది. దాని వెనక ట్రాలీ. ట్రాలీలో మనిషి తొడంత లావున ఒక హైడ్రాలిక్ జాకీ. కోదాడలో లారీలు విప్పే పాత సామాను దుకాణంలో కొన్నాడట. జాకీ పక్కన భద్రు భార్య రంగి కూర్చుని ఉంది. నడుముకు తువ్వాలు బిగించి కట్టుకుని, చేతిలో దవాఖాన కవరు పట్టుకుని.

"వీరేశమన్నా, దీనికి ఇంకొక లివర్ పెట్టాలె. ట్రాలీ దానంతట అదే లేవాలె" అన్నాడు భద్రు.

"ఉన్న లివర్ తోని నాగలి లేస్తున్నది గద. గది సాలదా?"

"నాగలికి సాలుతది. రంగికి సాలతలేదన్నా."

సంగతి ఇదీ. ఎండాకాలం వస్తే రైతుల దిబ్బల మీది పెంట పొలాలకు తోలడం భద్రు పని. దిబ్బ దగ్గర నింపేది రైతు మనుషులు. పొలంలో దింపేది మాత్రం బండివాళ్లే. ఒక పక్క భద్రు, ఒక పక్క రంగి ట్రాలీలో నిలబడి పారలతో లాగుతారు. దినానికి ఎనిమిది ట్రిప్పులు. రెండు ఎండాకాలాలు అట్లా దింపేసరికి రంగి నడుము పోయింది. ఇంకొక ఎండాకాలం వంగిందంటే కాళ్లు కూడా పడిపోతాయని డాక్టరు ఫొటో తీసి మరీ చెప్పాడట.

"ఇంకొక నెల రోజులకు పెంట తోలకం మొదలైతది" అన్నాడు భద్రు. "ట్రాలీ లేసిందా, ఆమె నడుము నిలుస్తది. లేవలేదా, మల్ల ఆమెనే ఎక్కాలె. ఇంకెవలున్నరన్నా మాకు?"

నాకు నిజంగానే జాలేసింది. జాలితోపాటు సంతోషం కూడా కలిగింది, అబద్ధమెందుకు. హైడ్రాలిక్ పనంటే నాకు ప్రాణం. అది చూసేవాడికి అర్థం కాదు గనక, తప్పు పట్టేవాడుండడు. ట్రాక్టరు కడుపులో గేర్ల కింద ఆయిల్ ఉంటుంది. పంపు ఆ ఆయిల్‌ను పీల్చి గట్టిగా తోస్తే వెనక నాగలి లేస్తుంది. అదే ఆయిల్‌ను ఇంకో పైపు గుండా ట్రాలీ కింది జాకీలోకి తోస్తే ట్రాలీ లేస్తుంది. ఆయిల్ ఇటు పోవాలా అటు పోవాలా అని చెప్పేదే లివర్. ఇంత చిన్న సంగతిని నేను భద్రుకు గంటసేపు చెప్పాను. గంటసేపు చెప్పకపోతే మెకానిక్కుకు విలువుండదు.

మూడు రోజులు కష్టపడి సీటు వెనక లివర్ బిగించాను. దాని పిడికి ఎర్ర రంగు వేశాను. ఆయిల్ కొలిచే ఇనప పుల్ల తీసి, తుడిచి, ముంచి చూశాను. గీత దాకా ఉంది. భద్రు లివర్ లాగాడు. ట్రాలీ దర్జాగా లేచింది. సగం దాకా లేచి ఆగింది. ఆగి, చలి పట్టినట్టు వణికింది. పంపు మూలిగింది. లివర్ వదిలితే మెల్లగా దిగి కూర్చుంది.

"గాలి ఉన్నది లోపట" అన్నాను. "రెండు దినాలు నడిస్తె అదే పోతది."

"సగం లేస్తె పెంట జారదు గదన్నా?" అంది రంగి.

"చెల్లె, యంత్రం సంగతి నీకెందుకు పరేషాన్? నువ్ నడుముకు మందు రాసుకో, పో."

యంత్రం తెలియనివాళ్లు అడిగే ప్రశ్నలకు మా దగ్గర ఉండే జవాబులన్నీ ఇట్లాంటివే.

ఎనిమిది రోజుల తరువాత భద్రు ట్రాక్టరు షెడ్డు ముందు నుంచి పోతుంటే చూశాను. సీటు వెనక నా ఎర్ర లివర్ పక్కన నీలం పిడితో ఇంకో లివర్. కట్టుకున్న పెళ్లాం ఇంకొకడిచ్చిన గాజులు వేసుకుని తిరిగినా అంత మండదేమో. అడ్డంగా పోయి బండి ఆపి, "ఎవడు జేసిండు దీన్ని?" అన్నాను.

మిర్యాలగూడ ముత్తయ్యట. భద్రు ఎవరివో వడ్ల బస్తాలు వేసుకుని అక్కడి రైస్ మిల్లుకు పోయాడు. మిల్లుల ముందు ట్రాక్టర్లు వరుస కట్టి నిలబడతాయి గనక ముత్తయ్య అక్కడే దుకాణం పెట్టుకుని, నిలబడ్డ బండ్లకు లేని రోగాలు కనిపెడుతుంటాడు. భద్రు ట్రాలీ సగం లేచి వణకడం చూసి నా గురించి ఇట్లా సెలవిచ్చాడట: "సూర్యాపేటోళ్లకు పంచర్లు తప్ప ఏమొస్తయిరా? ఆయిల్ పోతున్నది గాని జోరు లేదు. జోరు పెంచె లివర్ వేరె ఉంటది." పుల్ల తీసి చూశాడట. గీత దాకా ఉందట. జోరు లివర్ బిగించాడట.

"మరి లేసిందా?"

"జోరుగ లేసింది" అన్నాడు భద్రు, నేల చూపులు చూస్తూ. "సగం దాకనే."

నాకు కలిగిన ఆనందం చెప్పడానికి సిగ్గుపడాలి. కానీ ఆ రోజు సిగ్గుపడలేదు. ఊర్మిళ వేసినకొద్దీ తిన్నాను.

ఇంకో వారానికి భద్రు కోదాడ పోయాడు. జాకీలోనే లోపం ఉందేమో అడుగుదామని, కొన్న దుకాణానికే పోయాడు. ఆ దుకాణం పక్కన పిచ్చయ్య అనే మెకానిక్కు ఉన్నాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. తెల్ల చొక్కా మీద గ్రీజు మరక పడనివ్వడు. తిట్టినా 'అండీ' తగిలించి తిడతాడు గనక పడ్డవాడికి ఇంటికి పోయాక గానీ తెలియదు.

"జాకీకేం, బంగారం! పది టన్నుల లారీ తొట్టిని ఎత్తింది ఇది" అన్నాడట పిచ్చయ్య. "ఎవరయ్యా ఈ లివర్లు పెట్టిన మహానుభావులు? ఎత్తేదానికి పెట్టారు, జోరుకి పెట్టారు. మరి దించేదానికో? ఎత్తినోడు దించొద్దా అండీ?"

బరువైన ట్రాలీ దానంతట అదే దిగుతుంది గదా, దానికి లివర్ ఎందుకని మీరడగవచ్చు. భద్రు కూడా అడిగాడట. "అదేనయ్యా మీ వైపు వాళ్లతో చిక్కు. ఏదైనా దానంతట అదే అవుద్దనుకుంటారు" అని పసుపు పిడితో మూడో లివర్ బిగించాడు. అంతకుముందు పుల్ల తీసి చూశాడు. గీత దాకా ఉంది.

బండితో వచ్చిన నల్ల లివర్‌తో కలిపి నాలుగైనాయి. ట్రాలీ మాత్రం సగం దగ్గరే ఆగి వణుకుతోంది.

పెంట తోలకానికి వారం ఉందనగా భద్రు నా షెడ్డుకు నడుచుకుంటూ వచ్చాడు. బండి తేలేదు. వచ్చి పాత టైరు మీద కూర్చున్నాడు.

"లక్ష్మయ్య పటేలు సోమారం నుంచి తోలమన్నడు" అన్నాడు. "రంగి పారకు కొత్త కామ తొడుగుతున్నదన్నా. కామ కట్టె సాపు జేసుకుంట కూసున్నది."

ఆ మాటకు ఎవడి మనసైనా కరగాలి. నా మనసూ కరిగింది గానీ, కరిగిన దాని అడుగున ఇంకొకటి గట్టిగా తగిలింది. నా ఎర్ర లివర్ పక్కన రెండు పరాయి లివర్లు ఉన్నాయి. ట్రాలీ లేవకపోవడానికి కారణం అవేనని నలుగురి ముందు రుజువు కావాలి. "ఆ ఇద్దర్ని పిలిపియ్. ఆదివారం తండాలనే తేల్సుకుందాం" అన్నాను. నేను వెళ్లింది రంగి నడుము కోసమే అని తరువాత చాలామందికి చెప్పాను. మీకు చెప్పట్లేదు.

ఆదివారం పొద్దున ముగ్గురం తండాలో దిగాం. ముత్తయ్య మీసాలు దువ్వి, సొంత పానాలు తోలు సంచిలో వేసుకుని వచ్చాడు. పిచ్చయ్య చేతి రుమాలు పరుచుకుని మంచం మీద కూర్చున్నాడు. ముగ్గురం ఒకరినొకరు చూసుకుని, బండి దగ్గరికి పోయి, ఒకేసారి "ఎవడు జేసిండు దీన్ని?" అనబోయి ఊరుకున్నాం.

ముందు ఆయిల్. నేను పుల్ల తీసి తుడిచి ముంచి చూశాను, గీత దాకా ఉంది. నా కన్ను మీద నమ్మకం లేక ముత్తయ్య మళ్లీ తుడిచి ముంచాడు. ముత్తయ్య చెయ్యి శుభ్రం మీద నమ్మకం లేక పిచ్చయ్య పుల్లను తన రుమాలుతో తుడిచి ముంచాడు. ఆయిల్ విషయంలో ముగ్గురికీ ఏకాభిప్రాయం కుదిరింది. నాకు తెలిసి ఆ మూడు ఊళ్ల మెకానిక్కులు ఒక మాట మీద నిలబడ్డది అదొక్కసారే.

ట్రాలీ నిండా పెంట నింపి ఉంది. భద్రు సీటెక్కాడు. మేం ముగ్గురం ట్రాలీ వెనక నిలబడ్డాం. తండా అంతా మా వెనక నిలబడింది. లేచేదాన్ని చూడటం మనిషి బుద్ధి. లేపేదాని వైపు ఎవరూ చూడరు. భద్రు ఎర్రది లాగాడు, నీలం తోశాడు, పిచ్చయ్య సైగ చేస్తే పసుపుది కూడా కదిపాడు. ట్రాలీ సగం లేచింది. పంపు మూలిగింది. పెంట ఒక్క పిడికెడు రాలి ముత్తయ్య చెప్పుల మీద పడింది. ట్రాలీ దిగి కూర్చుంది.

ఇక మొదలైంది. నీలం లివర్ తీసేయమని నేను, ఎర్రది పీకేయమని ముత్తయ్య, ఇద్దరి లివర్లూ ఉంచి మా ఇద్దర్నీ తీసేయమని పిచ్చయ్య. "ఐదో లివర్ పెడ్తె తప్ప కాదిది" అన్నాడు ముత్తయ్య. "ఐదు పెట్టాక ఆరు పెట్టకపోతే బ్యాలెన్సు ఉండదండీ" అన్నాడు పిచ్చయ్య. నేను ఏడు అనబోతుండగా భద్రు అన్నానికి లెమ్మన్నాడు.

గుడిసె ముందు పొయ్యి. కోడికూర, జొన్నరొట్టెలు, వరన్నం. రంగి ఒక చెయ్యి నడుము మీద పెట్టుకునే వడ్డించింది. వంగినప్పుడల్లా పళ్లు బిగబట్టడం నాకు కనబడింది. కనబడింది గానీ కూర రుచిగా ఉంది. ముత్తయ్య నాలుగుసార్లు వేయించుకున్నాడు. పిచ్చయ్య "చాలమ్మా, చాలు" అంటూనే విస్తరి ముందుకు జరిపాడు. "ఇంకొంచెం పెట్టాల్నా?" అని రంగి అడిగితే, ఇంట్లో అలవాటు కొద్దీ "వెయ్" అన్నాను. భద్రు తిన్నాడు, తండా పెద్దమనుషులిద్దరు తిన్నారు. చేతులు కడుక్కుని మంచాల మీద వాలి, లివర్ల దగ్గర ఆపిన చర్చను మళ్లీ లివర్ల దగ్గరే అందుకున్నాం.

రంగి పొయ్యి దగ్గర కూర్చుని కుండ వంచింది. గంటెతో అడుగు గీకింది. ఎంత వచ్చిందో ఏమో, కాసేపు కుండలోకే చూస్తూ ఉండిపోయింది. తరువాత మెల్లగా లేచి, ఆ కుండ చేత్తో పట్టుకునే మా మంచాల దగ్గరికి వచ్చింది.

"అన్నా, ఆయిల్ ఎప్పుడు సూసిన్రు?" అంది.

"పొద్దుగాలనే సూసినం చెల్లె. ముగ్గురం సూసినం గద, నిండుగున్నది."

"ట్రాలీ లేవకముందా?"

"మల్ల? లేవకముందే సూస్తరు."

"వడ్డియ్యకముందు ఎవరి కుండన్న నిండుగనె ఉంటది" అంది రంగి. "మీరు కూసునే ముందల ఇది గూడ నిండుగనె ఉండె. ఇప్పుడు సూడుర్రి." కుండ మా వైపు వంచింది. అడుగున మాడిన చెక్క తప్ప ఏమీ లేదు. "అందరికి పెట్టినంక సూడాలె. ట్రాలీ లేసినప్పుడు తీసి సూడుర్రి."

ముత్తయ్య పెద్దగా నవ్వాడు. "ఇది పప్పుచారు కాదమ్మా" అన్నాడు పిచ్చయ్య, చాలా మర్యాదగా. నేనూ నవ్వాను. ముగ్గురిలో నా నవ్వే పెద్దదని తరువాత భద్రు చెప్పాడు. వాడు మాత్రం నవ్వలేదు. భార్యను చూశాడు, లంబాడీలో ఏదో అడిగాడు, ఆమె ఏదో చెప్పింది. వాడు పోయి సీటెక్కి ట్రాలీని సగం దాకా లేపి, పంపు మూలుగుతుంటే అట్లాగే పట్టుకున్నాడు.

పుల్ల ఎక్కడుంటుందో రంగికి ఎవరూ చెప్పనక్కరలేదు. పొద్దుట్నుంచి ముగ్గురు పెద్దమనుషులు అదే తీసి అదే తుడిచారు. ఆమె దాన్ని లాగి, కొంగుతో తుడిచి, ముంచి, తీసి పైకెత్తి పట్టుకుంది.

పుల్ల పొడిగా ఉంది. కొనకు కూడా ఒక చుక్క లేదు.

లారీ జాకీకి ఎంత ఆయిల్ కావాలో ఆ పిల్ల ట్రాక్టరు కడుపులో అంత లేదు. సగం లేచేసరికి ఉన్నదంతా జాకీ తాగేస్తోంది, పంపు గాలి మింగి మూలుగుతోంది. ట్రాలీ దిగగానే ఆయిలంతా తిరిగి కడుపులోకి వస్తోంది. మేం పుల్ల ముంచి, గీత దాకా ఉందని మీసాలు మెలేస్తున్నాం. మూడు ఊళ్లు, మూడు లివర్లు, నలభై ఏళ్ల అనుభవం. ఆ అనుభవంలో ఒక్కసారైనా అందరికీ పెట్టాక కుండలో ఏం మిగిలిందో చూడాల్సిన అవసరం మాలో ఎవరికీ రాలేదు. ఆమెకు రోజుకు రెండు పూటలా వస్తుంది.

ముందుగా తేరుకున్నది ముత్తయ్య. "గదే నేను జెప్పబోతున్న" అన్నాడు. "నేను కోదాడలోనే అనుకున్నానండీ" అన్నాడు పిచ్చయ్య. నాకేమీ మిగలలేదు. పనికొచ్చే మాటలు రెండూ వాళ్లే వాడేశారు.

ఆ సాయంత్రమే షెడ్డులో ఇరవై లీటర్ల ఇనప డబ్బా ఒకటి వెల్డింగ్ చేసి, సీటు కింద పక్కకు బిగించి, ట్రాక్టరు కడుపుకు లావు పైపుతో కలిపి ఆయిల్ నింపాను. ఎర్ర లివర్ లాగితే ట్రాలీ పూర్తిగా లేచింది. అంత ఎత్తున ఉండగా పుల్ల తీసి చూశాను. ఇంకా ఉంది. పైకి మెకానిక్కులాగా తల ఊపాను గానీ లోపల గెంతులు వేశాను.

లక్ష్మయ్య పటేలు పొలంలో మొదటి ట్రిప్పుకు నేనూ పోయాను. భద్రు బండి వెనక్కి పెట్టి దిగి, రంగిని సీటెక్కించాడు. ఆమె నాలుగు లివర్లనూ చూసి ఎర్రదాని మీద చెయ్యి వేసింది. పెంటంతా ఒక్క జారులో కుప్ప పడింది. రంగి తల తిప్పి ఆ కుప్పను చూసింది. రెండు ఎండాకాలాలు గంపల కొద్దీ, పారల కొద్దీ దింపిన దాన్ని అట్లా కూర్చుని దింపడం ఆమెకు నమ్మబుద్ధి కానట్టుంది. ట్రాలీని దించి, పెంట లేకపోయినా ఇంకోసారి లేపి చూసుకుంది. కొత్త కామ తొడిగిన పార ఆ ఏడంతా గుడిసె చూరులోనే ఉంది.

నీలం, పసుపు లివర్లు పీకలేదు. అవి ఏ పనీ చేయవు గానీ, పీకితే ముత్తయ్యకు కోపం, పిచ్చయ్యకు బాధ. పైగా అప్పటికే ఆ బండికి పేరు వచ్చేసింది. నాలుగు లివర్ల ట్రాక్టరంటే పెన్‌పహాడ్ నుంచి హుజూర్‌నగర్ దాకా తెలియనివాడు లేడు. గరిడేపల్లి నుంచి ఒకాయన వచ్చి తన బండికీ నాలుగు పెట్టమన్నాడు.

"ఒకటి సాలు. అసలు పని జేసేది ఈ డబ్బా" అన్నాను.

"డబ్బా వద్దు, సూడనీకె మంచిగుండదు. లివర్లు పెట్టు. లంబాడోని బండికి నాలుగుంటె నా బండికి ఒకటా?"

పెట్టాను. నేనెవణ్ణి కాదనడానికి? ఆయన ట్రాలీ సగమే లేస్తుంది. ఆయన దాన్ని చూసుకుని మురిసిపోతాడు. బోర్డు మీద 'హైడ్రాలిక్ స్పెషలిస్ట్' అని కొత్తగా రాయించాను. భద్రు బండి చూసి "ఎవడు జేసిండు దీన్ని?" అని ఎవరైనా అడిగితే, ఈసారి ఆ ప్రశ్న నాకెంతో ఇష్టంగా వినబడేది. "నేనే" అనేవాణ్ణి.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం త్రిపురారం నుంచి ముగ్గురు వచ్చారు. ఐదు లివర్లు కావాలట. భోజనం వేళ. అలవాటు ప్రకారం "అన్నం తిని పోండ్రి" అన్నాను. మా పనివాళ్లిద్దరు, వాళ్లు ముగ్గురు, నేను, ఆరుగురం కూర్చున్నాం. ఊర్మిళ వడ్డిస్తోంది. తింటూ తింటూ నేను భద్రు బండి కథ ఎత్తుకున్నాను. అప్పటికి ఆ కథలో రంగి లేదు. మంచం మీద వాలి ఆలోచిస్తుంటే నాకే తట్టినట్టు చెప్పేవాణ్ణి.

"గీడనే ఉన్నది అసలు ఇల్ము, అసలు తెలివి" అన్నాను ముద్ద పైకెత్తి. "వడ్డియ్యకముందు ఎవరి కుండన్న నిండుగనె ఉంటది. అందరికి పెట్టినంక సూడాలె. గది తెల్సినోడే మెకానిక్కు."

త్రిపురారం వాళ్లు తినడం ఆపి "వా!" అన్నారు.

"ఇంకింత?" అంది ఊర్మిళ.

"వెయ్" అన్నాను.

గంటె అన్నం గంజు అడుగుకు గీసుకున్న చప్పుడైంది. పదిహేనేళ్లుగా రోజూ వింటున్న చప్పుడే. పంపు గాలి మింగితే మూడు ఫర్లాంగుల అవతల నుంచి పోల్చుకునే నా చెవులు ఆ చప్పుడును ఒక్కనాడూ పోల్చుకోలేదు. నా కంచంలో అన్నం పడింది. ఎత్తిన ముద్ద మళ్లీ కంచంలో పెట్టేశాను.

వాళ్లు చేతులు కడుక్కుని షెడ్డులోకి పోయారు. నేను పోలేదు. ఆ ఇంట్లో కాపురం పెట్టాక మొదటిసారి వంటగది గడప దాటాను. గూట్లో టానిక్ సీసా సగం అయిపోయి ఉంది. పక్కనే అన్నం గంజు. మూత తీశాను. అడుగున మాడు చెక్క, దానికి అంటుకుని నాలుగు మెతుకులు. నాకు సిగ్గేసింది. అట్లాంటి ఇట్లాంటి సిగ్గు కాదు, బోర్డు పీకి పొయ్యిలో పెట్టాలనిపించేంత సిగ్గు.

వెనక గాజుల చప్పుడైంది. ఊర్మిళ తన కంచం కడుక్కుని తెచ్చుకుంది.

"ఏం సూస్తున్నవ్ గాడ?" అంది.

"ఆయిల్" అన్నాను.